ముప్పై వచ్చిన కవిత

మా వారపత్రిక ఎడిటర్ ఆర్విడ్ సోలెమ్‌కి కవిత్వమంటే గిట్టదు. ఊళ్ళో ఎవరు మంచు మీద పద్యం రాసుకొచ్చినా, "మిన్నెసోటాలో మంచు వార్త కూడా కాదు" అని తిప్పి పంపేవాడు. పాస్టర్‌గారి భార్య అందుకే మా ఆఫీసు గడప తొక్కడం మానేసింది.

అలాంటి మనిషి, మార్చిలో రెండో తరగతి పిల్లలు ఆఫీసు చూసి వెళ్ళాక, తలుపేసుకుని కవిత రాశాడు. వేళ్ళకి సిరా పూసుకోవడం, తినడానికి పెట్టిన డోనట్లు ఖాళీ చేయడం, ఆయన కుర్చీ గిరగిరా తిప్పడం, వాళ్ళ ఘనకార్యాలన్నీ అందులోకి ఎక్కించాడు.

నేను ప్రకటనలు చూసుకునేదాన్నే అయినా ఊరుకోలేక, "పత్రికలో వేద్దామా?" అన్నాను.

"నా పరువు తీయకు, మార్లిస్. బడికి పంపెయ్. బాగాలేదంటే నాకు చెప్పకు."

తన రాతలో పస అయిపోయిందని ఆయన బెంగ. వేసవికి ఉద్యోగం మానేస్తానని అప్పటికే అందరికీ చెప్పేశాడు. ఆ కవిత కూడా చప్పగా ఉందంటే ఇక కలం ముట్టడని నాకు భయం పట్టుకుంది.

అలవాటు చొప్పున కవిత కింద '30' వేశాడు. మా పత్రికల వాళ్ళ భాషలో అయిపోయింది అని దానర్థం. ఈయన కిరాణా చీటీ కింద కూడా అదే వేస్తాడు.

బడిలో కవిత చదివాక, శుక్రవారం టీచరు పిల్లల్ని మళ్ళీ తీసుకొచ్చింది. ముందు పళ్ళు ఊడిన టెస్సా నేరుగా ఆర్విడ్ బల్ల దగ్గరికి నడిచింది.

"మీకు ముప్పై ఎవరు వేశారండీ?"

"నేనే వేసుకున్నాను."

"వందకా?"

టీచరు నోరు తెరవబోతే నేను ఆమె చెయ్యి గిల్లాను.

"మీ కవితకి మరీ అంత తక్కువ వేయక్కర్లేదు," అంది టెస్సా. "డోనట్ల దగ్గర అందరం నవ్వాం. కుర్చీ తిప్పింది మాత్రం నేను కాదు, ఓవెన్. నాకూ లెక్కల్లో ముప్పై వచ్చాయిలెండి. మా టీచరు మళ్ళీ రాయనిస్తారు. మీరూ అడగండి."

వాళ్ళు వెళ్ళాక ఆర్విడ్ చాలాసేపు ముక్కు చీదుకున్నాడు. జలుబన్నాడు. నాకూ అదే జలుబు.

మే నెలలో, వీడ్కోలు కేకుకి ఆర్డరివ్వమంటారా అని అడిగాను.

"మళ్ళీ రాయనిస్తారట కదా," అన్నాడు తలెత్తకుండా.

పాస్టర్‌గారి భార్య మంచు పద్యం జూలైలో అచ్చయింది. దాని పక్కనే ఆర్విడ్ కవిత. కింద ముప్పై లేదు.