తలమీద యుద్ధభూమి

మా అనంతపురంలో పచ్చరంగు చూడాలంటే జెండా ఎగరేసే రోజు దాకా ఆగాల్సిందేనని పెద్దలు నవ్వుతూ అనుకునే కాలం అది. ఎనభైల నడుమ, వానలు వరసగా మొహం చాటేసిన ఏళ్లు. వేరుశనగ మొలిచేది, రెండాకులు వేసి ఊరించేది, ఎండిపోయేది. ఇప్పుడు కొళాయి కింద బకెట్ నిండేలోపే విసుక్కునే మనుషుల్ని చూస్తే (వాళ్లలో నేనూ ఉన్నాను, భగవంతుడు క్షమించాలి) ఆనాటి బోరింగు దగ్గరి బిందెల వరస గుర్తొస్తుంది. తిట్లు, పలకరింపులు, పెళ్లి సంబంధాలు అన్నీ ఆ వరసలోనే నడిచేవి. నీళ్లకు కరువు గాని మాకు హుషారుకు మాత్రం కరువుండేది కాదు. పైన మబ్బు లేకపోయినా కింద ఏదో ఒక కమిటీ ఉండేది. వినాయకుడికో కమిటీ, భజనకో కమిటీ, కమిటీల తగాదాలు తీర్చడానికో కమిటీ. నేను చెప్పబోయేది వాటన్నిటికంటే పెద్ద కమిటీ సంగతి.

అరవై ఐదులో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధానికి ఇరవై ఏళ్లు నిండాయని, పట్టణంలోని పెద్దలంతా కలిసి ఉత్సవం చేయాలనుకున్నారు. కమిటీకి పెద్ద మా వీధిలోని మైకు మామ. పెళ్లిళ్లకూ సభలకూ మైకుసెట్లు బాడుగకిచ్చేవాడు, అందుకే ఆ పేరు. అసలు పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు. అయితే ఉత్సవానికి ప్రాణం మిలిట్రీ మామ. ఆయన ఆ యుద్ధంలో పోరాడి, ఆ తర్వాత పింఛను తీసుకుని బుక్కరాయసముద్రంలో ఉంటున్నాడు. సరిహద్దులో ఆయన స్నేహితుడు, కొత్తచెరువు కుర్రవాడు, ఆయన పక్కనే కూలిపోయాడట. కుర్రవాడి దేహం ఊరికి రాలేదు. టెలిగ్రాం మాత్రం వచ్చింది. అతను పడిపోయిన చోటినుంచి మామ పిడికెడు మట్టి తెచ్చి, గుడ్డలో మూటగట్టి దేవుడి గూట్లో పెట్టుకున్నాడు. ఎన్నిసార్లు కొత్తచెరువుకు పోయినా, ఆ తల్లి చేతిలో ఆ మట్టి పెట్టే ధైర్యం చాలక మూటతోనే తిరిగొచ్చేవాడట. ఈసారి కమిటీవాళ్లు ఆ అవ్వను సభకు పిలిపించారు. బుక్కరాయసముద్రం నుంచి ఊరేగింపుగా మట్టిని తెచ్చి, పట్టణం మైదానంలో నలుగురి ముందూ ఆమెకు అప్పగించాలి. ఇరవై ఏళ్లుగా తాను చేయలేని పని ఆ రోజుతో తీరుతుందని మిలిట్రీ మామ ఆశ.

మట్టిని తలమీద మోసుకొచ్చేది ఎవరన్నది ప్రశ్న. మైకు మామ కూతురు కాలేజీలో చదువుతోంది. భారతమాతలా అలంకరిస్తారంటే ఒప్పుకుంది గాని, చెప్పులు లేకుండా అంత దూరం ఎండలో నడవాలనగానే తలనొప్పి తెచ్చుకుంది. అప్పుడు మామ మా ఇంటికొచ్చాడు. మా నాయన పట్టుచీరలు నేసేవాడు. నేను బడి మొహం చూడలేదు. మగ్గం దగ్గర కూర్చోబెట్టి నాయన చెప్పిన అక్షరాలు, లెక్కలు, పురాణాలే నా చదువు. (ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన పెట్టిన భిక్షే.) కానీ మైకు మామ నన్ను చూసింది చదువు కోసం కాదు, మెడ కోసం.

"బావా, నీ కూతురు తలమీద రెండు బిందెలు పెట్టుకోని, చేతులూపుకుంటా వస్తాంది దినామూ. పిడికెడు మట్టి మోయలేదా?" అన్నాడు.

నాయన మగ్గం ఆపాడు. "మట్టి అనొద్దప్పా. అది మోసేదానికి ఒక పద్ధతి ఉండాది" అన్నాడు. మా నేతవాళ్ల ఇళ్లలో చౌడమ్మ తల్లి జాతరకు జ్యోతులు మోసేవాళ్లకు ఉండే నియమాలన్నీ నాకు పెట్టాడు. తలస్నానం, ఒక్కపొద్దు, ఒట్టి కాళ్లు. అన్నిటికంటే ముఖ్యమైనది చివర చెప్పాడు. "చేరే చోటికి చేరేదాకా నోరు ఇప్పొద్దు. నడిమిట్ల దించొద్దు. ఏం జరిగినా సరే." నేను తలూపాను. అప్పటినుంచే మాట్లాడటం మానేసి ఇంట్లోవాళ్లను విసిగించాను. అంత ఆనందం నాకు. నీళ్లకూ పెళ్లిళ్లకూ గుళ్లకూ తప్ప గడప దాటని నేను ఒక యుద్ధాన్ని నెత్తిన పెట్టుకుని పట్టణంలోకి నడవబోతున్నాను మరి.

ఆ రోజు పొద్దున బుక్కరాయసముద్రం చేరేసరికి ఊరేగింపు సిద్ధమవుతోంది. చెరువు ఎండి, బీటలు బీటలుగా ఉంది. మిలిట్రీ మామ పాత యూనిఫారం తొడుక్కున్నాడు. గుండీలు ఆయన పొట్టతో యుద్ధం చేస్తున్నాయి. మూట విప్పి, మట్టిని ఒక పీటమీద కుప్పగా పోశాడు. అందరికీ కనబడాలని మైకు మామ పట్టుబట్టాడు మరి. అయితే అంత పెద్ద పీటమీద ఆ పిడికెడు మట్టి ఎలుక తవ్విపోసినట్టు కనిపించింది. పూలు పేరుద్దామంటే ఆ కరువులో పూలెక్కడివి? ఊళ్లో పచ్చగా ఉన్నది వేపచెట్టొకటే కాబట్టి, పీట చుట్టూ మైకు మామ నిండుగా వేపమండలు కట్టించాడు. బ్యాండు మేళానికి బదులు పక్క పల్లె నుంచి తప్పెట్లవాళ్లను మాట్లాడాడు. వాళ్లకు వచ్చిన దెబ్బలు రెండే రెండు. ఒకటి జాతరది, రెండోది ఏమిటని ఎవరూ అడగలేదు. ఇక ముందు నడిచే జీపుకు కట్టిన మైకు, 'యుద్ధ విజయోత్సవం' అని చాటాల్సిన మైకు, బ్యాటరీ దిగిపోయి మూగబోయింది. మామ జన్మలో మైకు నిజంగా అవసరపడిన రోజు అదే!

సరే, బయల్దేరాం. జీపు వెనక మిలిట్రీ మామ జెండా పట్టుకుని, తల తిప్పకుండా, కవాతు నడక. ఆయన వెనక పీట తలమీద పెట్టుకుని నేను. నా వెనక తప్పెట్లు. మొదటి వీధి మలుపు తిరగగానే ఒక ఇంట్లోంచి ఒకావిడ పరుగున వచ్చి, వేపమండలు తాకి కళ్లకద్దుకుని, బిందెడు నీళ్లు నా నెత్తిన గుమ్మరించింది.

చదువుతున్నవాళ్లలో మా సీమవాళ్లుంటే ఇప్పటికే నవ్వుతుంటారు. మిగతావాళ్లకు చెప్పాలి. మా వైపు వాన పడకపోతే, మట్టితో వానదేవుణ్ణి చేసి, పీటమీద వేపాకు పరిచి కూర్చోబెట్టి, తలమీద పెట్టుకుని తప్పెట్లతో ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇల్లాలూ ఆ నెత్తిమీద నీళ్లు పోసి, చేటలో గింజలు తెచ్చి ఇస్తుంది. తాగడానికి లేకపోయినా దేవుడికి మాత్రం బిందెలో చుక్క తగ్గించకూడదు. తప్పెట్లవాళ్ల రెండో దెబ్బ ఆ వానదేవుడిదే.

ఇంకేముంది, తలుపు తర్వాత తలుపు తెరుచుకుంది. ఎడమ నుంచి బిందె, కుడి నుంచి కడవ. నేను పీటను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. మాట్లాడకూడదు, దించకూడదు. పైగా ఇది కార్యక్రమంలో భాగమే అనుకున్నాను. మిలిట్రీలో ఇలాంటి మర్యాద ఉంటుంది కాబోలు, ఎంత గొప్ప గౌరవం అని మురిసిపోతూ, ముక్కులోకి పోయిన నీళ్లతో ఉక్కిరిబిక్కిరవుతూ నడిచాను. తప్పెట్లవాళ్లు అలవాటు కొద్దీ సంచి పట్టి గింజలు పోయించుకుంటున్నారు. మైకు మామ జీపు దిగి, వెనక్కి పరుగెత్తుకొచ్చి చేతులూపుతూ ఏదో అరుస్తున్నాడు గాని, మైకు లేని ఆయన గొంతు తప్పెట్ల ముందు దోమపాట. మిలిట్రీ మామ మాత్రం తల తిప్పితేనా? దుమ్ము లేవకుండా దారిలో నీళ్లు చల్లుతున్నారనుకున్నాడట. వీధి సగం దాటాక ఎర్రటి నీళ్లు పాయగా వచ్చి ఆయన బూట్లను తడిపాయి. అప్పుడు తిరిగి చూశాడు.

తప్పెట్లు ఆగిపోయాయి. పీటమీద వేపమండల సందుల్లో కాస్తంత బురద మిగిలింది. తక్కినది నా జుట్టులో, మొహంమీద, ఓణీ మీద, వీధిలో. మిలిట్రీ మామ మొహం చూశాక నాకు తెలిసింది, ఇది కార్యక్రమం కాదని. సంగతి విన్న మొదటి ఇల్లాలు ఖాళీ బిందె చంకలో పెట్టుకుని ముందుకొచ్చింది. "మాకేం తెలుసునన్నా. వాన దెబ్బ కొడితిరి, వేపాకు కడితిరి. సంగటికి పెట్టుకున్న నీళ్లు గూడా పోస్తిమి" అంది.

మైకు మామ బుర్ర మాత్రం చురుగ్గా పనిచేసింది. "ఏం కాలేదప్పా. చెరువు నిండా మట్టే ఉండాది. పిడికెడు తెచ్చి పెడితే ఆయవ్వకు యాడ తెలుస్తాది?" అన్నాడు.

"నాకు తెలుసు గదన్నా" అన్నాడు మిలిట్రీ మామ. జెండా ఎత్తుకుని నడిచాడు. నేనూ నడిచాను. దించమని ఇద్దరు ముగ్గురు చెప్పినా తల అడ్డంగా ఊపాను. దారిపొడవునా జుట్టులోంచి బురదనీళ్లు కారుతున్నాయి, ఎండకు ఆరిన చోట చర్మం బిగుసుకుంటోంది.

మైదానంలో అవ్వ ముందువరసలో కూర్చుని ఉంది. మిలిట్రీ మామ ఆమె ముందు నిలబడి, మొదట సెల్యూట్ కొట్టి, తర్వాత ఏం చేయాలో తోచక మోకాళ్లమీద కూర్చున్నాడు. జరిగిందంతా దాచకుండా చెప్పాడు. అవ్వ చివరిదాకా విన్నది. లేచి నా దగ్గరికొచ్చి, తల వంచమని సైగ చేసి, పీటను తనే దించి, అక్కడే కూర్చుని ఒళ్లో పెట్టుకుంది. నా చెంపమీది బురదను వేలితో తీసి చూసింది.

"ఎంతమంది పోసినారు పాపా నీళ్లు?" అని అడిగింది.

దించేశారు కాబట్టి ఇక నోరు విప్పవచ్చు. "వీధి వీధంతా పోసినారవ్వా. దేవుడనుకోని పోసినారు" అన్నాను.

అవ్వ పీటమీది బురదను అరచేత్తో నిమిరింది. "కడసారి నీళ్లు పోసి సాగనంపలేకపోతినే అని ఇన్నేండ్లు ముద్ద దిగలేదు నాకు. నేను లేకపోతే ఏమాయ, అంతమంది తల్లులు పోసినారు నా బిడ్డకు. ఇంగ సాల్లే నాయనా, ఏడ్సొద్దు" అని మిలిట్రీ మామ తల తన వైపు తీసుకుంది. సరిగ్గా అప్పుడే ఎవరో కొత్త బ్యాటరీ తగిలించారు. మైకు గుర్రుమని పలికింది. దాని ముందు నిలబడిన మైకు మామ మాత్రం ఎంతసేపటికీ పలకలేదు.

ఆ సాయంత్రం వాన కురిసిందని రాస్తే బాగుండేది గాని, కురవలేదు. ఇప్పుడు నా మెడ బిందె కాదు కదా, కూరల సంచి కూడా మోయనంటుంది. చదువుకునే మనవరాలు ఆ యుద్ధం ఎందుకొచ్చింది, ఎలా ముగిసిందని అడిగితే సరిగ్గా చెప్పడం నాకు రాదు. సంగటి నీళ్లు తెచ్చి పోసిన ఆ ఇల్లాళ్లకు ఆ రోజు దండం పెట్టలేకపోయాను, చేతులు రెండూ పీటకే సరిపోయాయి. పూజలో కూర్చున్నప్పుడు ఇప్పుడు పెడుతుంటాను. అప్పుడప్పుడు ఆ దండం మధ్యలోనే నవ్వొచ్చేస్తుంది. నడివీధిలో, ముక్కులోంచి నీళ్లు కారుతూ, అబ్బా, కార్యక్రమం ఎంత బాగా జరుగుతోందో అని పొంగిపోతున్న ఆ పిల్ల కళ్లముందుకొస్తుంది. దాన్ని ఆపి సంగతి చెప్పాలని ఒక్కసారీ అనిపించదు. ఇంకాసేపు అలాగే నడవనీ అనుకుంటాను.