ఈశాన్యంలో పొగగొట్టాలు

మొన్న కుప్పంలో అక్క ఇంటికి వెళ్తే, హాల్లో తూర్పు గోడ మీద ఆ పాత పటం ఎదురైంది. ఎడమవైపు వెడల్పాటి నది, కుడివైపు ఒడ్డున పొగగొట్టాల వరస, వాటి చుట్టూ మసిబారిన ఊరు. అక్క అంటే మా పెద్దనాన్న కూతురు. మదనపల్లెలో టమాటా మండీ నడిపే పెద్దనాన్న ఆ పటాన్ని పుంగనూరులో పాతసామాన్ల అంగడిలో, ఫ్రేము గట్టిగా ఉందని కొన్నాడు. ఇంటికొచ్చే రైతులు దాన్ని చూసి, అన్ని నీళ్లు పెట్టుకుని ఒక్క మడి నాటలేదేమని ఆ ఊరివాళ్లను తిట్టిపోసేవాళ్లు. నేను ఎం.ఏ. చదివినవాణ్ని కాబట్టి ఇంకా లోతుగా అర్థం చేసుకున్నాను. ఆ లోతులో అక్క పెళ్లి దాదాపు మునిగింది.

అక్కా, కుప్పం అబ్బాయీ మదనపల్లె దగ్గర అంగళ్లులో కలిసి ఇంజనీరింగ్ చదివారు. వాళ్లు ఇష్టపడ్డ సంగతి రెండిళ్లలోనూ పెద్దలకు తప్ప అందరికీ తెలుసు. ఈ సంబంధం తప్పితే ఇంకొకటి వెతకొద్దని అక్క నాతో ముందే చెప్పింది. పెళ్లిచూపుల నాడు అబ్బాయి తండ్రి కాఫీ గ్లాసు అందుకున్నాడు. అప్పుడు పెద్దనాన్న హాల్లో ఉత్తరం గోడకున్న పటం కంట్లో పడింది. గ్లాసు కింద పెట్టేశాడు.

“ఈశాన్యంలో పొగగొట్టాలుండాయే అప్పా. నీళ్లుండాల్సిన మూలలో నిప్పు పెట్టుకోనుండారు.”

పెద్దనాన్న నా వైపు చూశాడు. చదువుకున్నవాణ్ని ఇంట్లో పెట్టుకునేది ఇలాంటి రోజు కోసమే గదా. నేను గొంతు సవరించుకుని, ఇది వాస్తు సంగతి కాదనీ, ఫ్యాక్టరీలు నదినీ మనిషినీ ఎలా మింగేస్తాయో చూసి చిత్రకారుడు బాధపడ్డాడనీ విడమరిచి చెప్పాను. అబ్బాయి తండ్రికి కుప్పంలో గ్రానైట్ ఫ్యాక్టరీ ఉన్న సంగతి నాకు చివరి వాక్యంలో గుర్తొచ్చింది. ఆయన చెప్పులెక్కడున్నాయో చూసుకుంటున్నాడు.

పిలవకముందే అక్క లోపలినుంచి వచ్చింది. పటం దించింది, తూర్పు గోడకున్న క్యాలెండరు తీసింది, ఆ మేకుకు దీన్ని తగిలించింది.

“ఇప్పుడు నీళ్లు ఈశాన్యం, నిప్పు ఆగ్నేయం. సూడండి మామా.”

మామా అనేందుకు ఇంకా ముహూర్తం కాలేదు.  ఆయన పటాన్ని, మూలల్ని, అక్కను వరసగా చూసి కాఫీ అందుకున్నాడు.

పటం అక్కతో పాటే కుప్పం చేరింది. వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించి, “మా కోడలు ఊరినే ఎత్తి తిప్పిండాది” అంటాడు ఆయన. మొన్న నన్నూ అర్థం చెప్పమన్నాడు. బాగుందన్నాను. ఇన్నేళ్లలో ఆ నది ఒక్క అడుగు కదలలేదు, ఆ పొగ ఒక్క జానెడు పైకి పోలేదు. కాలం గడిచిందని తెలిసేది, నేను ఒక్క మాటతో ఆపగలగడం వల్లే.