పైనున్నదే మనది

నా చిన్నప్పుడు యారాడ సముద్రపొడ్డు ఇసుకలో నేర్చుకున్న ఒక రుచి గురించి ఇప్పుడు రాసిపెట్టకపోతే, మా ఇంట్లో దాన్ని గుర్తుపట్టేవాళ్లు ఇంకెవరూ మిగలరు. అందుకే ఈ రాత.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఊరి బావిలో బురద మిగిలింది. అమ్మ పచ్చి బాలింత. ఆమె గొంతు తడిస్తేనే తమ్ముడికి పాలు. ఒడ్డుకు ఎగువన, మొగలి పొదల దగ్గర, మా మామ్మ ఇసుకలో మోకాలి లోతు చెలమ తవ్వింది. అందులో ఊరే నీటిని కొబ్బరిచిప్పతో, మీగడ తీసినట్టు పైపైన తీసేది. బిందె నిండటానికి పూటంతా పట్టేది.

మా చిన్నాన్నకు ఓపిక లేకపోయింది. పార పట్టుకొచ్చాడు.

"ఈ సిప్పతో బిందె నిండేసరికి బుల్లోడికి పెళ్లీడొచ్చేత్తాదే అమ్మా!"

"ఒరే, పైనున్నదే మనది. అడుగునున్నది గంగమ్మది. దాన్ని లేపకురా." మా ఊళ్లో సముద్రాన్ని గంగమ్మ అనేవాళ్లు.

అతను నవ్వుతూనే నడుము లోతుకు తవ్వాడు. నీరు ఉబికి వచ్చింది. ఊరంతా బిందెలతో పరుగెత్తుకొచ్చింది.

"ఏటత్తా, గంగమ్మ నీకు వియ్యపురాలేటి? నీతోనే సెప్తాదా అన్నీ?" అంది పక్కింటి అక్క.

మామ్మ తను తీసిన ఒక్క బిందెకు గుడ్డ కట్టి, అమ్మ మంచం కిందికి జరిపింది. "రేపు రుసి సూడండి," అని మాత్రం అంది.

మర్నాడు గుంట నిండా నీరు, కదలకుండా. చిన్నాన్న దోసిలి పట్టి నోట్లో పోసుకుని, ఉమ్మేశాడు. ఎవరూ నవ్వలేదు. మామ్మ వేలు ముంచి నా నాలుక కొసకు రాసింది. "ఈ రుసి గురుతెట్టుకో. ఇది తగిలిందంటే మన వాటా అయిపోయినట్టే."

చిన్నాన్న కొండ దాటి వెళ్లి కావడితో నీళ్లు తెచ్చేదాకా, ఆ గుడ్డ కట్టిన బిందెలోంచి అమ్మకు గుక్క గుక్కగా పోశారు. తమ్ముడు బతికాడు. ఆ చెలమలో మాత్రం మళ్లీ మంచినీరు ఊరగా నేను చూడలేదు.

పెద్దయ్యాక గ్రంథాలయంలో ఒక పుస్తకంలో చదివాను. తీరం ఇసుకలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుందట. పైనున్నది తోడేకొద్దీ కిందున్నది లేస్తుందట. ఆ పేజీలో గంగమ్మ పేరు లేదు. మిగతాదంతా మామ్మ మాటే.

ఇప్పుడు సముద్రానికి దగ్గర్లోనే, మధురవాడలో ఉంటున్నాను. ఈ వేసవిలో మా అపార్ట్‌మెంట్ బోరు ఇంకా లోతుకు దింపారు. నీళ్లు దండిగా పడ్డాయని కింద అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ పుస్తకం నాకోసం మళ్లీ వెతికిపెట్టిన గ్రంథాలయం అమ్మాయి సరోజకు, కొత్త నీటిని గ్లాసులో పట్టి తెచ్చిన వాచ్‌మన్ అప్పలరాజుకు, మా మామ్మ పోలమ్మకు నా కృతజ్ఞతలు.

గ్లాసులో వేలు ముంచి నాలుక కొసకు రాసుకున్నాను. ఆ రుచి ఇంకా చాలా సన్నగానే ఉంది. కానీ గుర్తుపట్టాను.