సెలవు రోజుల కుస్తీ

మా నాన్న హౌరాలో ఒక హైస్కూలుకి కుస్తీ మాస్టారు. రైల్వే ఉద్యోగుల పిల్లలే ఎక్కువగా చదివే స్కూలది. కాగితాల్లో ఆయన డ్రిల్లు మాస్టారే. కానీ విజయనగరం వైపు తాలింఖానాలో కుస్తీ పడుతూ పెరిగిన మనిషి కావడంతో, ఉద్యోగంలో చేరిన కొత్తలోనే స్కూలు వెనక రేకుల షెడ్డు కింద గోదా తవ్వించాడు. మట్టిలో ఆవనూనె, పసుపు, వేపాకు వేసి తనే తొక్కేవాడు. బెంగాలీ పిల్లలు ఆయన్ని స్యార్ అనేవారు, బిహారీ పిల్లలు ఉస్తాద్ అనేవారు, సంత్రాగాఛి క్వార్టర్లలో ఉండే మా తెలుగు పిల్లలు మాస్టారు అనేవారు. ఆయన మాత్రం అందరినీ "ఓరి గుంటడా" అనే పిలిచేవాడు. ఆ మాటకు అర్థం తెలియని పిల్లలు కూడా పలికేవారు.

ఎన్నికలొచ్చి గోడలన్నీ పార్టీ రాతలతో ఎర్రబడినా, వానకు మోకాలి లోతు నీళ్ళు నిలిచినా, పొద్దున్నే గోదా తలుపు తీసేవాడు. పిల్లల్ని జతలు జతలుగా దింపేవాడు. మా అన్నయ్యకు జత నాన్నే. అన్నయ్య నాన్న ఛాతీ దాకా వచ్చేవాడు. ఒక్కసారైనా నాన్నను పడగొట్టాలని వాడికి ఉండేది. నాన్న ఎప్పుడూ పడలేదు.

"పిల్లాడి సరదాకి ఓపాలి పడిపోతే నీ సొమ్మేటి పోయింది?" అని అమ్మ అడిగేది.

"గెలుపు ఒకడిచ్చేది కాదే. లాక్కోవాల," అనేవాడు నాన్న.

అన్నయ్య పదో తరగతిలో ఉండగా, వానాకాలంలో, ఒకరోజు ఒళ్ళు నొప్పులన్నాడు. స్కూళ్ళ మధ్య పోటీలు దగ్గరపడ్డాయి. నాన్న వాడి భుజం తట్టి, "గోదాలోకి దిగు. సెమట పడితే జొరం పారిపోద్ది," అన్నాడు. అన్నయ్య దిగాడు. మర్నాడు కూడా దిగాడు. ఆ సాయంత్రం వణుకు మొదలైంది. మలేరియా మెదడుకు ఎక్కిందని ఆసుపత్రిలో చెప్పేసరికి వాడు మమ్మల్ని గుర్తుపట్టడం మానేశాడు. తర్వాత ఎక్కువ రోజులు లేడు.

దినకార్యం అయిన మర్నాడే నాన్న గోదాకు వెళ్ళిపోయాడు. ఆయన పాఠంలో మారింది ఒక్కటే. ప్రతి పిల్లాడూ మట్టిలో దిగే ముందు ఆయన ఎదుట నిలబడాలి. నాన్న అరచేతిని తిప్పి, వెనకవైపును పిల్లాడి మెడకు ఆనించి చూసేవాడు. కాస్త వెచ్చగా తగిలినా ఇంటికి పంపేసేవాడు. ఆ అలవాటు చివరిదాకా ఉంది. ఎందుకని కొత్త పిల్లలెవరైనా అడిగితే పాత పిల్లలు వాళ్ళ నోరు మూసేవారు. మా ఇంట్లో కూడా అంతే. అన్నయ్య పేరు ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు.

ఏడాది తిరిగేసరికి గోదాలో దెయ్యం ఉందన్న మాట పుట్టింది. సెలవు రోజుల్లో మిట్టమధ్యాహ్నం షెడ్డులోంచి తొడ చరిచిన చప్పుడు వినబడుతోందని స్కూలు గేటు కాసే దర్వాను చెప్పాడట. నేను నమ్మలేదు. అప్పటికి నాకు పదమూడేళ్ళు ఉంటాయేమో.

ఒక బంద్ రోజు. లోకల్ రైళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పిల్లలు నడిరోడ్డు మీద క్రికెట్ ఆడుతున్నారు. "మీ నాన్న ఎటెల్లిపోనాడో సూసిరా. అన్నం సల్లారిపోతంది," అంది అమ్మ. స్కూలుకు వెళ్ళాను. గేటు దగ్గర దర్వాను, ముసలి బిహారీ, "ఉధర్ మత్ జానా, బిటియా," అని అడ్డం చెప్పాడు. నేను ఆగలేదు. షెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి, లోపల తొడ చరిచిన చప్పుడు.

రేకుల సందులోంచి చూశాను. నాన్న లంగోటీతో గోదా మధ్యలో ఉన్నాడు. ఒక్కడే. ముందుకు వంగి రెండు చేతులూ చాచాడు. అవి తన ఛాతీ ఎత్తులో గాలిని పట్టుకుని బిగుసుకున్నాయి. ఎవరో నెడుతున్నట్టు మడమలు మట్టిలో జారుతున్నాయి. "కాలు సూసుకో... కాలు," అంటున్నాడు. కాసేపు పెనుగులాడి, ఒక్కసారిగా వెల్లకిలా పడ్డాడు. రెండు భుజాలూ మట్టికి ఆనాయి. అలాగే పడుకుని, రొప్పుతూ, "బాగుందిరా," అన్నాడు.

అన్నయ్య బతికుండగా వాడితో ఆ మాట ఆయన అనగా నేను వినలేదు.

నేను వెనక్కి వచ్చేశాను. నాన్న ఇంటికొచ్చాక అమ్మ పెరట్లో ఆయన వీపు మీద నీళ్ళు పోస్తూ అడిగింది, "ఎవలితో పట్టినావు?"

"పిల్లల్తో."

"ఇయ్యాల బంద్ కదా."

నాన్న ఇంకాస్త ముందుకు వంగాడు. అమ్మ ఆయన వీపు మీది మట్టిని చేత్తో నెమ్మదిగా కడిగింది. పూర్తిగా పోయాక కూడా చాలాసేపు కడుగుతూనే ఉంది.

ఆ తర్వాత సెలవులకు నేను చాలాసార్లు వెళ్ళి చూశాను. మొదట్లో భయం వేసేది, తర్వాత అలవాటైంది. అయితే ఒక సంగతి కనిపెట్టాక మళ్ళీ భయం పట్టుకుంది. నాన్న చేతులు గాలిని పట్టుకునే ఎత్తు మారుతోంది. ఏటేటా అవి కాస్త పైకి లేస్తున్నాయి. నేను కాలేజీకి వచ్చేసరికి ఆయన తలెత్తి చూస్తూ, తన భుజాలకన్నా పైన పట్టు వేస్తున్నాడు. అన్నయ్య నాన్నను మించి ఎదిగాడు.

నాకు ఏడుపు రాలేదు, ఉక్రోషం వచ్చింది. నా గౌను పొట్టయిందని అమ్మ చెబితేగాని నేను ఎదుగుతున్నట్టు ఆయనకు తెలిసేది కాదు.

రిటైరయ్యే ముందు ఏడాది ఒకసారి నాన్న పడ్డాక లేవలేకపోయాడు. మోకాలు పట్టేసింది. లోపలికి పరుగెత్తబోయాను. అంతలో ఆయన కుడిచెయ్యి పైకెత్తాడు. ఆ చెయ్యి గాలిలో దేన్నో పట్టుకుంది. పట్టుకుని లేచాడు. ఒంటరిగా లేచే మనిషి మోచెయ్యి ఆనుకుని, మోకాలు కూడదీసుకుని లేస్తాడు. నాన్న అలా లేవలేదు. ఎవరో బలమైనవాడు చెయ్యందించి లాగినట్టు, నిటారుగా లేచాడు.

రిటైరైన రోజు పాత పిల్లలు చాలామంది వచ్చారు. రైలు గార్డులు, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్లు, షాలిమార్ గూడ్సు యార్డులో పనిచేసేవాళ్ళు. బొజ్జలు వచ్చినవాళ్ళు కూడా వరసగా నిలబడి మెడలు వంచారు. నాన్న ఒక్కొక్కరి మెడకీ చెయ్యి ఆనించి పంపాడు. కొత్తగా వచ్చిన మాస్టారు మట్టి ఎత్తించి, పైన రబ్బరు చాప పరిపించాడు. నాన్న అటు మళ్ళీ వెళ్ళలేదు. మేము సంత్రాగాఛి స్టేషను దగ్గర రెండు గదుల అద్దె ఇంట్లోకి మారాం.

నాకు ఉద్యోగం వచ్చి వేరే ఉంటున్న రోజుల్లో, ఒక ఆదివారం చూడటానికి వెళ్ళాను. నాన్న వరండాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాడు. ఎన్నేళ్ళుగానో గొంతులో ఉన్న మాట పైకి వచ్చేసింది. "నాన్నా, ఇప్పుడు వాడితో పట్టడం లేదా?"

ఎవడితో అని ఆయన అడగలేదు. నాకెలా తెలుసనీ అడగలేదు.

"ఆడికి ఉజ్జోగమొచ్చినాది కదమ్మా. రైల్వేలోనే. సెలవు దొరకదు," అన్నాడు బఠాణీల మీంచి తలెత్తకుండా.

అమ్మ విన్నదేమోనని వంటింటి వైపు చూశాను. లోపల గరిటె చప్పుడు ఆగింది.

"క్వార్టరు ఇచ్చినారా?" అంది అమ్మ లోపలినుంచి.

"ఇంకా నేదు. అడగమన్నాను."

గరిటె మళ్ళీ కదిలింది.

ఆ పూట ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. బయట ఏదో గూడ్సు బండి చాలాసేపు వెళుతూనే ఉంది. అది దాటాక, అన్నయ్యకు సంబంధాలు చూడాలి, వయసైపోతోంది అని అమ్మ అంది. నేను పప్పు వడ్డిస్తూ ఇద్దరి ముఖాలూ చూశాను. ఇద్దరూ నా మాట కోసమే చూస్తున్నారు.

"అమ్మాయి బెంగాలీ అయినా ఫరవాలేదా?" అని అడిగాను.

నాన్న ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించాడు.

"ఆడి ఇష్టం," అన్నాడు.