బండికి సాకెట్టు వేయించడానికి అనకాపల్లి వెళ్లి వచ్చాను

నా బండికి కిక్కు లేదు. సెల్ఫు నొక్కితేనే కదులుతుంది. బ్యాటరీ పడిపోయిందంటే ఎంతమంది తోసినా ఉలకదు. కొనేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పశువైద్య సహాయకుడిగా నాతవరం చుట్టుపక్కల పల్లెల్లో తిరుగుతుంటాను. వానాకాలం వచ్చిందంటే పశువుల శాలల్లో పగలే చీకటి. బండి లోపలికి తోసుకెళ్లి, ఇంజిను ఆపే ఉంచి, హెడ్‌లైటు వేసుకుని, ఆ వెలుగులో పని చేసుకుంటాను. పని పూర్తయ్యేసరికి బ్యాటరీ కూడా పూర్తవుతుంది. పోనీ ఇంకో బండి బ్యాటరీకి తీగలు కలిపి స్టార్టు చేద్దామంటే నా బ్యాటరీ సీటు కింద ఉంటుంది. సీటు వెనక క్యారియర్ మీద మందుల పెట్టె బోల్టులతో బిగించి ఉంటుంది. పెట్టె తీస్తేగాని సీటు ఊడదు.

కిందటి నెల ఒక సాయంత్రం, కబురొచ్చినా కదల్లేక ఆ బోల్టులు విప్పుతూ ఉండగానే, పక్క ఊళ్లో సన్యాసినాయుడు గారి గేదె కడుపులో దూడ అడ్డం తిరిగి చనిపోయింది. గేదె మాత్రం బతికింది. ఆయన నన్ను పిలవడం మానేశారు. ఎదురుపడితే తల తిప్పుకునేవారు.

అప్పుడే నిశ్చయించుకున్నాను. బ్యాటరీ నుంచి రెండు లావు తీగలు బయటికి లాగి, బండి పక్కన ఒక సాకెట్టు పెట్టించాలి. పెట్టెలో ఒక కేబులు ఉంచుకుంటే చాలు, ఏ ఆటో బ్యాటరీతోనైనా క్షణంలో స్టార్టు చేసుకోవచ్చు. నర్సీపట్నంలో అడిగితే అనకాపల్లి వెళ్లమన్నారు.

శుక్రవారం ఉదయం ఆరున్నరకు బయలుదేరాను. పక్క ఊరి దగ్గర బస్సు ఆగే చోట సన్యాసినాయుడు గారే నిలబడి ఉన్నారు. బెల్లం మార్కెట్టులో ఆయనకేదో పని. బస్సు అప్పుడే వెళ్లిపోయింది. ఆపకుండా పోలేకపోయాను.

"ఎక్కండి, నేనూ అనకాపల్లే" అన్నాను.

"అంత దూరం ఎల్తాదా ఇది?" అంటూనే ఎక్కారు.

నర్సీపట్నం దాటాక రోడ్డులో గుంతలు, గుంతల్లో నీళ్లు. ఏ గుంత ఎంత లోతో దిగితేగాని తెలియదు. మాకవరపాలెంలో టిఫిను కోసం ఆగాం. ఇడ్లీ వేడిగా, మెత్తగా ఉంది. నాయుడు గారు వేరే బల్ల మీద కూర్చుని తిన్నారు. తాళ్లపాలెం దగ్గర హైవే ఎక్కాక లారీలు తడిపేశాయి. ఆయనను మార్కెట్టు దగ్గర దింపి, సాయంత్రం బండ్ల షాపులుండే రింగు రోడ్డుకు వస్తే తిరిగి తీసుకెళ్తానని చెప్పాను. ఆయన తల తిప్పుకుని మార్కెట్టులోకి వెళ్లిపోయారు.

మొదటి షాపతను నా మాట పూర్తిగా వినకుండానే ఫోను ఛార్జింగు పెట్టుకునే సాకెట్టు చేతిలో పెట్టాడు. ఇది కాదన్నాను. రెండో షాపులో కార్లలో సిగరెట్టు ముట్టించుకునే సాకెట్టు ఇచ్చారు. దాని తీగ దారంలా ఉంది. స్టార్టరు లాగే కరెంటుకు అది మాడిపోతుందని చెప్పాను.

"అందరూ ఇదే అట్టుకెల్తన్నారు సార్. మీకొక్కరికే మాడిపోద్దా?" అన్నాడు షాపతను.

మూడో షాపాయన కొత్త బ్యాటరీ కొనుక్కోమన్నాడు. ఉన్నది కొత్తదే అంటే, ఇంకా కొత్తది కొనమన్నాడు.

చివరికి బ్యాటరీ ఆటోలు బాగుచేసే చోట, వాటికి ఛార్జింగు పెట్టే లావుపాటి ప్లగ్గు జత దొరికింది. నాకు కావలసింది అదే. దానికి తగ్గ కేబులు, కేబులు చివరికి రెండు క్లిప్పులు కూడా అక్కడే తీసుకున్నాను. పక్కనే ఖాజా గారనే ఎలక్ట్రీషియను ఉన్నారు.

"పది నిమిషాల పని సార్. పరేషాన్ అవకండి" అన్నారు.

ఈ మాట నమ్మి వెళ్లేవారికి నా సలహా ఒక్కటే. భోజనం చేసి వెళ్లండి. పెట్టె, సీటు, పక్క కవర్లు విప్పి గోనె సంచి మీద పరిచాక కరెంటు పోయింది. టంకం పెట్టే కడ్డీ చల్లారిపోయింది. కరెంటు వచ్చేసరికి ఖాజా గారు నమాజుకు వెళ్లారు. శుక్రవారమని ముందే చెప్పారు కూడా, నేనే పట్టించుకోలేదు. ఎముకలు బయటపడ్డ బండి పక్కన స్టూలు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లందరికీ ఏమైందో చెప్పాను.

తిరిగొచ్చాక ఆయన రెండు తీగలూ నల్లవే బిగించడం మొదలుపెట్టారు. ఏది ప్లస్సో ఏది మైనస్సో ఎలా తెలుస్తుందని అడిగాను.

"నాకు తెలుసు కదా సార్."

"రేపు పొలం గట్టు మీద మీరుండరు కదా!"

ఎర్ర టేపు చుట్టించాను. అంతలో సాకెట్టును సైలెన్సరు పక్కన బిగించేశారు. అక్కడ కరిగిపోతుందన్నాను. కరగదన్నారు. నా గొంతు పెరిగింది, ఆయన గొంతూ పెరిగింది. సరిగ్గా అప్పుడే నాయుడు గారు వచ్చి నిలబడ్డారు. మార్కెట్టులో ఆయన పనీ కాలేదని మొహమే చెబుతోంది.

"ఇప్పేసి అవతల పక్కకెట్టు" అన్నారు ఖాజా గారితో.

"ఏటీ కాదండీ పెద్దాయనా, ఇలాగే సేత్తాం అందరికీ."

"అందరి సంగతి నాకెందుకు? ఈ బండాగిపోతే మా గొడ్లు సచ్చిపోతాయి. ఒకటి సచ్చిపోయింది కూడా. ఇప్పెయ్యి."

ఖాజా గారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. దూడ పోయాక ఆ సంగతి నాయుడు గారి నోట వినడం అదే మొదటిసారి. ఖాజా గారు సాకెట్టు విప్పి, ఎడమ పక్క సీటు కింద బిగించి, దుమ్ము పడకుండా రబ్బరు మూత కూడా పెట్టారు. బాగుందని చూపించడానికి సెల్ఫు మీద సెల్ఫు కొట్టారు. వద్దంటున్నా కొట్టారు.

నాలుగు దాటాక తిరుగు ప్రయాణం. తాళ్లపాలెంలో టీ తాగి సెల్ఫు నొక్కితే టిక్కుమంది, అంతే. నాకు కోపం కూడా రాలేదు. రోజుకు సరిపడా వాడేశాను. నాయుడు గారు రోడ్డు మీదికెళ్లి, చెయ్యి అడ్డం పెట్టి ఆటో ఆపారు.

"నా బ్యాటరీ దిగిపోద్దేమో బాబూ" అని ఆటో అతను గునిశాడు.

"దిగిపోతే నేను తోత్తాన్లే, ముందు సీటెత్తు" అన్నారాయన.

క్లిప్పులు ఆటో బ్యాటరీకి తగిలించి, మూత తీసి ప్లగ్గు గుచ్చాను. బోల్టు విప్పలేదు, పెట్టె దించలేదు. సెల్ఫు నొక్కగానే ఇంజిను అందుకుంది. రోజంతా పడ్డ విసుగు పోలేదు గాని, సగం తగ్గింది. చెడ్డ రోడ్డు, చెడ్డ వాన, తడిసిన చొక్కా. ఇంకెవరైనా ఇదే పని మీద వెళ్లాలా అని అడిగితే, వెళ్లమనే చెబుతాను.

పొద్దు వాలుతుండగా నాయుడు గారి ఇంటి ముందు ఆపాను. దిగి, నా వైపు తిరిగారు.

"రేపు పొద్దున్నే రండి డాట్రు గారూ. ఆవు పెయ్య మేత ముట్టడం నేదు, రెండ్రోజులయ్యింది."

"రెండ్రోజులా? పొద్దున్నుంచీ నా వెనకే కూర్చున్నారు. చెప్పొచ్చు కదా!"

"బండి ఎలాగుంటాదో సూద్దారని."

ఒళ్లు మండిపోయింది. రేపెందుకు, ఇప్పుడే చూస్తానని ఇంజిను ఆపడానికి తాళంచెవి మీద చెయ్యి వేశాను. ఆయన కంగారుగా నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆపకండి బాబూ! ఇంజినలాగే ఉండనీండి" అంటూ శాల తలుపు తీశారు. బండిని అలాగే మెల్లగా లోపలికి పోనిచ్చి, లైటు పెయ్య మీదికి తిప్పాను.