సన్నికల్లు మీద నూరిన కత్తి

నా చిన్నప్పుడు ఊరి మంగలి మా పేటలోకి వచ్చేవాడు కాదు. మా గడ్డాలు ముట్టుకుంటే ఊళ్లోవాళ్లు తన దగ్గర గీయించుకోరని అతని భయం. అందుకని మా తాతయ్యే ఒక మంగలి కత్తి సంపాదించి, శనివారం సాయంత్రాలు పేటలో మగవాళ్లందరికీ గీసేవాడు.

ముందు కత్తికి పదును పెట్టుకునేవాడు. నున్నటి సానరాయి మీద రెండు నీటి చుక్కలు వేసి, కత్తిని పడుకోబెట్టి మెల్లగా తోసేవాడు. తర్వాత తోలు పట్టీ మీద వెనక్కి లాగేవాడు. పక్కన కూర్చుని చూసీ చూసీ ఆ పని నాకూ వచ్చేసిందనుకున్నాను.

ఒక ఏడు మిరప కోతల్లో మా నాన్న రొమ్ము జబ్బుతో మంచం పట్టాడు. చర్చికి పోలేడని పాస్టరుగారు ఆదివారం ఇంటికే వచ్చి ప్రభువు బల్ల రొట్టె ఇస్తానన్నారు. నాన్నకు నెల గడ్డం. శనివారం ఆయాసం ఎక్కువై గీయనివ్వలేదు. కానీ గడ్డంతో రొట్టె ముట్టనని మొండికేశాడు.

తెల్లారాక తాతయ్య కత్తి తీసి గూట్లో పెట్టి, పాస్టరుగారిని తీసుకురావడానికి వెళ్లాడు. ఆయన వచ్చేలోగా పదును పెడితే మెచ్చుకుంటాడనుకున్నాను. సానరాయి పెట్టెలో ఉంది, తాళంచెవి ఆయన మొలతాడుకుంది. కారం నూరే సన్నికల్లూ రాయే కదా. గంట్లు కొట్టించిన ఆ గరుకు రాయి మీద బలమంతా పెట్టి రుద్దాను.

తాతయ్య పాస్టరుగారితో తిరిగొచ్చి కత్తిని వెలుగులో పెట్టి చూశాడు. అంచంతా రంపంలా పళ్లు తేలింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కారం వాసన. నా వంక ఒకసారి చూశాడు.

"అయిందా నాన్నా?" లోపల్నుంచి నాన్న అడిగాడు.

"నా చెయ్యి జారి కత్తి రాయి మీద పడిందిరా. కాస్త ఓర్చుకో."

తాతయ్య సానరాయి తీసి కూర్చున్నాడు. ఆ పళ్లు పోయేదాకా అరగదీయాలి. తొందరపడితే అయ్యే పని కాదది. ముందు రొట్టె తీసుకోమని పాస్టరుగారు బతిమాలారు. నాన్న తల అడ్డంగా ఊపాడు. పక్క ఊళ్లో ఆరాధన వేళయిందని, సాయంత్రం వస్తానని ఆయన వెళ్లారు.

మధ్యాహ్నం దాటాక అమ్మ ఏడుపు వినిపించింది.

తాతయ్య లోపలికి వెళ్లి, కొడుకు కళ్లు మూసి, తిరిగొచ్చి సానరాయి ముందు కూర్చున్నాడు. కత్తి నా చేతికిచ్చి, పైన తన చెయ్యి వేశాడు.

"నొక్కొద్దమ్మా. దాని బరువే దానికి చాలు. మీ నాన్నని పెట్టెలో పెట్టేలోపు గీయాలి."

ఇద్దరం కలిసి నూరాం. పదును వచ్చింది. నాన్న బుగ్గ మీద ఒక్క గాటు పడలేదు. ఏం లాభం, రొట్టె ముట్టకుండానే పోయాడు.

అసలు సంగతి తాతయ్య ఎవరికీ చెప్పలేదు. చెయ్యి జారిన ముసలోడని పేటంతా ఆయన్నే అంది. అమ్మ పళ్లెం ఆయన ముందు పెట్టేది గానీ, మాట్లాడేది కాదు. నేను చూస్తూనే ఉన్నాను, నోరు విప్పలేదు. తాతయ్య పోయాడు, అమ్మ పోయింది. నా పెనిమిటికి చెబుదామని చెప్పలేకపోయాను, ఆయనా పోయాడు. ఆ రోజు తాతయ్య నన్ను నాలుగు బాది ఉంటే అక్కడితో తీరిపోయేదేమో.

నొక్కకుండా నూరడం చేతికి వచ్చింది, ఇప్పటికీ ఉంది. కానీ కళ్లు మూసుకుంటే నాన్న ముఖం గుర్తు రాదు. కోడలు పెట్టిన అన్నం తల ఎత్తకుండా తింటున్న తాతయ్యే కనిపిస్తాడు.