ఫాదరు బండి మీద సోమశిలకు

ఇవాళ పొద్దున బండి తుడుస్తుంటే సైలెన్సర్ బోల్టు ఒకటి గుడ్డతో పాటు చేతిలోకి వచ్చింది. చేతికి దొరికింది కాబట్టి అది లెక్కలోకి రాదు. రోడ్డు మీద రాలిపోయి, వెనక్కి నడిచి వెతికినా దొరకనివే లెక్కలోకి వస్తాయి. అవి ఇప్పటికి నలభై మూడు. ఇరవై ఆరు బోల్టులు, తొమ్మిది నట్లు, రెండు అద్దాలు, కాళ్ళు పెట్టుకునే రబ్బర్లు రెండు, హెడ్‌లైటు చుట్టూ ఉండాల్సిన స్టీలు రింగు, టూల్ బాక్సు మూత, పెట్రోలు ట్యాంకు మూత, చివరికి హారన్. ఆ హారన్ పెబ్బేరు దగ్గర బర్రెల మందను చూసి మోగిస్తుండగా ఊడింది. కాసేపు వైరుకు వేలాడుతూ మోగింది, తర్వాత వైరు కూడా వదిలేసింది. బర్రెలు మాత్రం కదల్లేదు. నలభై నాలుగోది ఒకటుంది. దాన్ని చాలా ఏళ్ళు ఈ లెక్కలో కలపలేదు, ఎందుకంటే అది బండిది కాదు. అది మా అత్త జరీ కండె.

కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పోయే నాడెలో పెట్టే చిన్న గొట్టం, దానికి జరీ చుట్టి ఉంటుంది. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, గద్వాలలో చీరలు నేసేవాడు. ఆయన ఒక మగ్గం మీద, అత్త ఇంకో మగ్గం మీద. ఏడో తరగతితో బడి మానేసిన నన్ను వాళ్ళే ఉంచుకున్నారు. బడి ఆగింది గానీ లెక్క ఆగలేదు. పడుగు పోగులు వేల లెక్కన ఎంచడం దగ్గర మొదలై, పత్తి విత్తనాల వ్యాపారి దగ్గర లెక్కలు రాసే పని దాకా వచ్చాను. ఇంట్లో ఏ సరుకు ఎంత ఉందో చెప్పాల్సింది నేనే. అందుకే కండె పోయిన రోజు అత్త నేరుగా నా మీదికే వచ్చింది. "లెక్కలు రాసెటోనివి గదా, నీ కండ్లు గప్పి ఎట్ల పోతది? నువ్వే తీసినవ్" అంది. తీయలేదని చెప్పాను. మామ అప్పుడు అక్కడే కూర్చుని, చాలా శ్రద్ధగా ఆకాశం చూస్తున్నాడు.

బండి ఆ ఏడే వచ్చింది. రాయచూరు దిక్కు ఒక ఊళ్ళో చర్చి నడిపిన ఇటలీ ఫాదరు ముసలితనంలో తన దేశానికి వెళ్ళిపోతూ దాన్ని వెంట తీసుకుపోలేక అమ్మకానికి పెట్టాడు. నూలుకు అద్దే కలర్లు కొనడానికి వెళ్ళిన మామ కలర్లు మరిచి బండి మీద తిరిగి వచ్చాడు. నూట డెబ్బై ఐదు సీసీ, ఎర్రటి ట్యాంకు, కోడిగుడ్డులా నున్నగా ఉన్న ఇంజన్. అప్పటిదాకా మా వీధిలో స్కూటర్లు దగ్గేవి, ఇది మాట్లాడింది. మా వాకిట్లో ఆగినప్పుడు ఆ చప్పుడు నా పక్కటెముకల్లో మోగింది. మీసాలు మొలుస్తున్న వయసు, అంతకంటే పెద్ద వర్ణన చేతకాదు. ఈ బండి ఒకనాటికి నాది కావాలి అని మాత్రం ఆ క్షణానే అనుకున్నాను. దీనికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. మా వీధిలో తిరిగే బండ్లకు సరిగ్గా తిరగేసినట్టు. అడిగి తీసుకుపోయిన ప్రతివాడూ ఆపాలనుకున్న చోట గేరు మార్చేవాడు. ఒకాయన కిరాణా కొట్టులోకి వెళ్ళి, ఉప్పు బస్తా దగ్గర ఆగాడు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. ఊరంతా దాన్ని ఫాదరు బండి అనేవారు.

కలర్లు రాలేదన్న కోపంలో అత్త రెండు రోజులు మాట్లాడకపోతే, మామ ఒక మాట ఇచ్చాడు: బండి మీద ఆమెను సోమశిలకు తీసుకుపోతాడు. కృష్ణ మాకు దూరమేమీ కాదు, బీచుపల్లి దగ్గరే పారుతుంది. కానీ అత్తకు సోమశిల శివుడంటే గురి. ఆ ప్రయాణానికి తనకంటూ ఒక చీర మొదలుపెట్టింది. నేసిన చీరలన్నీ దుకాణాలకు పోయే ఇంట్లో తనకోసం ఆమె ఉంచుకున్నది అదొక్కటే. కండె పోయింది ఆ చీర మగ్గం మీద ఉండగానే. అలాంటి జరీ మళ్ళీ దొరకక కొంగు రెండు వేళ్ళు పొట్టిదైంది. ఆ రెండు వేళ్ళూ నా ఖాతాలోనే ఉండిపోయాయి.

మామ ఆమెను మూడుసార్లు బయలుదేరదీశాడు. మొదటిసారి బీచుపల్లి వంతెన మీద చైను తెగింది. రెండోసారి ఎర్రవల్లి దాటకముందే వాన పట్టుకుని ఇంజన్ తడిసింది. మూడోసారి బండిలో ఏ లోపమూ లేదు. పెబ్బేరు సంతలో టీ కోసం ఆగితే జనం చుట్టూ మూగారు. ఇది ఎక్కడిది, ఎంత ఇస్తుంది అని అడిగారు. మామ ఒక్కో భాగం చూపిస్తూ చెప్పుకుంటూ పోయాడు, పొద్దు గూకింది. "బండి మంచిగనే ఉండె. మీ మామ నోరే చెడిపోయింది" అని అత్త చాలా ఏళ్ళు చెప్పేది. తర్వాత బండి కొట్టంలోకి చేరింది. వాళ్ళిద్దరూ రెండుసార్లు బస్సులో సోమశిల వెళ్ళి వచ్చారు. ఇంకేం, మొక్కు తీరింది కదా అన్నాను ఒకసారి. "బస్సుల పోయింది దేవుని లెక్క. బండి మీద పోవుడు మీ మామ లెక్క" అంది.

మామ పోయాక, దినాలైన వారానికే హైదరాబాద్ నుంచి పాత బండ్లు కూడబెట్టే ఆయన ఒకరు ఫోన్ చేశాడు. కొట్టంలో ఉన్నదాన్ని ఉన్నట్టే కొని ఎత్తుకుపోతానన్నాడు. ఆ రాత్రి అన్నం నోటికి పోలేదు నాకు. మర్నాడు వెళ్ళి, బండి నాకివ్వమని అత్తను అడిగాను. అత్త అప్పటికి డెబ్బైకి దగ్గర పడుతోంది. కండెకు నూలు చుడుతూ, తల ఎత్తకుండానే తీర్పు చెప్పింది.

"నన్ను సోమశిల దాక తీస్కపో. నడుమ ఆగకుండ పోతివా, బండి నీది. ఆగెనా, ఆ హైదరాబాదాయినకే."

"టీకి గిట్ల ఆగొచ్చునా?"

"నేను ఆపితె ఆగొచ్చు. బండి ఆపితె కాదు."

ఆ తర్వాతి నాలుగు నెలలు నేను మనిషిలా లేను. వనపర్తిలో మేం చాచా అని పిలిచే ముసలి మెకానిక్ ఉన్నాడు. బండిని ఆటోలో పడుకోబెట్టి ఆయన దగ్గరికి చేర్చాను. ఇంజన్ విప్పితే లోపల బల్లి గుడ్లు దొరికాయి. టైర్లు, చైను మన బండ్లవే సరిపోయాయి. క్లచ్ ప్లేట్లు చాచా తానే కోసి చేశాడు. పిస్టన్ రింగులు మాత్రం ఇటలీ నుంచే రావాలి. అరచేయంత అట్టపెట్టె పోస్టులో వచ్చిన రోజు, విత్తనాల దుకాణంలో రైతులందరి ముందూ దాన్ని విప్పి, కొత్త కోడలి గాజులు చూపించినట్టు ఒక్కొక్కటీ చూపించాను. మామ పెబ్బేరు సంతలో ఏం అనుభవించాడో నాకప్పుడు అర్థమైంది. ఆరు వోల్టుల వైరింగు పీకేసి పన్నెండుకు మార్చాం. పాత లైటు మిణుగురులా ఉండేది, కొత్తదానికి ఊరవతలి తుమ్మచెట్టు కూడా కనిపించింది. పోయిన హారన్ బదులు లారీకి పెట్టేంతది పెట్టించాను. దూరం తెలియడానికి సైకిలు మీటరు బిగించాను. నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల సందు చాచా బీడీ కట్ట కాగితం మడిచి పెట్టి సరిచేస్తే, నేను కొత్త గేజీ తెచ్చి కొలిచాను. తేడా వచ్చింది. "గేజీ కొత్తది గద సేటూ, ఇంక పని అలవాటు కాలే" అన్నాడు.

సీటు కింద ఫ్యూజు డబ్బా ఒక్కటి మిగిలింది. మామ దాన్ని మగ్గం గుడ్డతో కట్టుదిట్టంగా చుట్టి, దారంతో కుట్టేశాడు. విప్పుదామా అన్నాను. "నడుస్తున్నదాన్ని గెలకొద్దు" అన్నాడు చాచా. సరే అన్నాను. అన్నీ లెక్కపెట్టిన నేను దాన్ని ఒక్కదాన్నీ విప్పి చూడలేదు.

మొదటి కిక్కుకు దగ్గింది. రెండో కిక్కుకు పొగ వదిలింది. మూడో కిక్కుకు అందుకుంది. ముప్పై ఐదేళ్ళ కింద మా వాకిట్లో విన్న చప్పుడే, అదే పక్కటెముకల్లో. పక్కనే స్టూలు మీది పానాలన్నీ గలగలమంటూ కింద పడ్డాయి. "గిది ఇంజన్ కాదు సేటూ, గణపతి ఊరేగింపు డీజే. బోల్టులన్ని డాన్స్ చెయ్యబట్టె" అని చాచా అరుస్తున్నాడు. నేను ఎందుకు నవ్వుతున్నానో, కళ్ళు ఎందుకు తుడుచుకుంటున్నానో నాకే తెలియలేదు. పొగ వల్ల అని చెప్పాను.

మాఘమాసంలో ఒక పొద్దున బయలుదేరాం. అత్త ఆ చీరే కట్టింది. తెల్లటి నూలు ఒళ్ళు, ముదురు ఎరుపు పట్టు అంచు, పొట్టి కొంగు. కొంగు మీద హెల్మెట్ పెట్టుకుని, పక్కకు తిరిగి కూర్చుని, నా భుజం పట్టుకుంది. బీచుపల్లి వంతెన వచ్చేసరికి ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. చైను తెగింది ఇక్కడే. వంతెన దాటాం, వేళ్ళు వదులయ్యాయి. పెబ్బేరులో నలుగురైదుగురు చేయెత్తి ఆపబోయారు. "ఆగకు, ఆగకు. మీ మామ రక్తమే నీది" అంటూ వీపు మీద పొడిచింది. చిన్న రోడ్డులోకి తిరిగాక బండికి హుషారొచ్చింది. దానికంటే అత్తకు ఎక్కువొచ్చింది. మేకలు కనిపిస్తే "కొట్టు హారన్", ఆటో కనిపిస్తే "కొట్టు", ఏమీ లేకపోయినా "ఒకపారి కొట్టు, మంచిగున్నది". నేనూ కొట్టాను. కొల్లాపూర్ తోటలు మొదలయ్యాయి. రెండు పక్కలా మామిడి పూత, గాలంతా తియ్యగా, చిరుచేదుగా ఉంది. ఇంకో అరగంట అయితే బండి నాది.

అప్పుడు గొర్రెల మంద అడ్డొచ్చింది. హారన్ నొక్కి పట్టుకున్నాను. అది సగం మోగి గొంతు మింగింది. ఇంజన్ ఆగింది. బండి దానంతటదే నాలుగు బారలు దొర్లి, గొర్రెల మధ్య నిలబడింది. పూత వాసనలో ఇంకో వాసన కలిసింది.

అత్త ముక్కు ఎగబీల్చింది. "పట్టు కాలుతున్నది" అంది.

నేతగాళ్ళం కదా, పట్టు అసలుదో నకిలీదో పోగు కాల్చి చూస్తాం. కాలిన వెంట్రుకల వాసన వస్తే అసలు. ఆ వాసన మా ఇద్దరికీ బాగా తెలుసు. కొంగు చూసుకుంది, అంచు చూసుకుంది, ఎక్కడా కాలలేదు. సీటు ఎత్తి, గుడ్డ కుట్లు పళ్ళతో కొరికి ఫ్యూజు డబ్బా విప్పాను. లోపల ఫ్యూజు తీగ లేదు. దాని స్థానంలో జరీ చుట్టి ఉంది, పట్టు దారం మీద రాగి, వెండి పూత ఉన్న పాతకాలపు జరీ. మధ్యలో కాలి తెగింది. మగ్గం ఇంట్లో తీగ లేనివాడు ఇంకేం వెతుకుతాడు? కాలినప్పుడల్లా కొంత చుట్టి కండె మొత్తం ఖాళీ చేసి ఉంటాడు.

అత్త దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఎండకు తిప్పింది. తర్వాత తన అంచు పక్కన పెట్టి చూసింది. రెండింటి రంగూ ఒకటే.

"నా కండె" అంది. "సూడు మీ మామను. ముప్పై ఐదేండ్లు నోరు మెదపలే."

"ఆకాశం చూస్తుండె ఆ రోజు."

"నిన్ను దొంగ అన్న గదా."

"అన్నవు."

"ఏమనుకోకు అల్లుడా."

"అప్పుడే అనుకున్న."

నవ్వింది. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. హెల్మెట్ ఉండటం వల్ల ఒత్తుకోవడం సరిగ్గా కుదరలేదు. నేను మాత్రం నవ్వలేకపోయాను. బండి ఆగిపోయింది, హైదరాబాద్ ఆయనకు ఫోన్ పోతుంది. గొర్రెలు ఒక్కొక్కటే మమ్మల్ని రాసుకుంటూ పోతున్నాయి.

నేసిన బట్టలోంచి పోగు లాగకూడదు. మా ఇళ్ళల్లో అది అన్నం కాలితో తన్నినంత తప్పు. చిన్నప్పుడు అంచు దారం పీకినందుకు నా వేళ్ళ మీద కొట్టింది ఈ అత్తే. ఆమె రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని, పొట్టి కొంగు ఒళ్ళో పరుచుకుని, చివరి జరీ పోగు గోటితో ఎత్తి లాగింది. ఒకటి, రెండు, మూడు. ఎన్ని వోల్టులు, ఎంత కరెంటు, ఎన్ని పోగులు కావాలో నేను లెక్క మొదలుపెట్టాను.

"లెక్క తర్వాత. పట్టుకో" అంది. పోగులు కలిపి పురి పెట్టి, పళ్ళతో కొరికి నా చేతిలో పెట్టింది. "ఇప్పటి ప్లాస్టిక్ జరీ అయితే నడువకపోవు. హారన్ ముట్టినవంటే చేయి ఇరగ్గొడత."

ఒక్క కిక్కుకు లేచింది.

సోమశిల రేవులో ఆమె మూడు మునకలు వేసి, తడి తలతో వచ్చి బండి దగ్గర నిలబడింది. నేను గొంతు సవరించుకుని, చేరాం కదా అత్తా అన్నాను.

"ఆగింది గదా."

"ఆగింది."

"ఎన్ని కిలోమీటర్లు ఉండంగ?"

మీటరు చూసి చెప్పాను. ఎనభై ఒకటి దగ్గర ఆగాం, రేవుకు తొంభై ఐదు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు, లెక్క విషయంలో ఎప్పుడూ రాదు.

"అంటే పద్నాలుగు బాకీ. బాకీ తీరేదాక బండి నీ కాడనే ఉండనీ. హైదరాబాదాయిన నాకేం బాకీ లేడు" అని, పొట్టి కొంగు పిండుకుంది.

ఇది జరిగి ఐదేళ్ళయింది. ఏటా మాఘంలో వెళ్తున్నాం. ఫ్యూజు డబ్బాలో ఇప్పుడు అసలు ఫ్యూజే ఉంది. పాత జరీ ముక్క అత్త దగ్గర పసుపు భరిణెలో ఉంది. బండి ఎక్కడా ఆగదు, ఆగే సూచన కూడా ఇవ్వదు. కానీ ఎనభై ఒకటి దగ్గర, ఆ రాయి కనిపించగానే, నా భుజం మీద రెండు దెబ్బలు పడతాయి. "ఆపు, జర నడుము నొస్తున్నది." దిగుతుంది, ఫ్లాస్కులోంచి టీ పోస్తుంది, రాయి మీద కూర్చుని పూత వైపు చూస్తూ తాగుతుంది. ఆపింది నువ్వే కదా, బండి కాదు కదా అని మొదటి ఏడు వాదించాను. "ఆగుడైతే ఆగింది గదా, బాకీ బాకీనే" అంది. ఇప్పుడు వాదించడం లేదు.

పొద్దున ఫోన్ చేసింది. మాఘం దగ్గర పడుతోంది, బండి ఎట్లున్నదని అడిగింది. ఒక బోల్టు వదులైందని, బిగించానని చెప్పాను. జీవితమంతా లెక్కలు రాశాను. కాలం గడిస్తే ఏ బాకీ అయినా పెరగాలి, లేదా తీరి తరగాలి. ఏళ్ళు ఎన్ని వచ్చి పోయినా పెరగకుండా, తరగకుండా నిలిచినదాన్ని ఒక్కదాన్నే చూశాను. అది ఇవాళ్టికీ పద్నాలుగు కిలోమీటర్లే.